మీగడ మందానికి మూడు కొటేషన్లు

మా సంస్థలో వజ్రాలు కొన్నది సీసం చల్లగా ఉండటానికి. ఈ చిన్న సంగతి ఆడిట్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పలేకపోవడం వల్లే ఇంత కథా జరిగింది. కాబట్టి ముందు మీకైనా సరిగ్గా చెప్తాను.

మాది కేంద్రక పరిశోధనా సంస్థ. హైదరాబాద్ దాటి, ప్లాట్ల బోర్డులు కూడా అయిపోయాక వచ్చే గుట్టల మధ్య ఉంటుంది. నేనక్కడ ప్రజా సంబంధాల అధికారిని. అంటే స్కూలు పిల్లలు చూడ్డానికి వస్తే వాళ్లని వరసలో నిలబెట్టి, కరపత్రం చేతికిచ్చి, బిస్కెట్ పాకెట్లు పంచి, ఏ మీటా నొక్కకుండా బయటికి పంపించడం నా ఉద్యోగం. పేరు కృపానిధి. పిల్లలు బిస్కెట్ అంకుల్ అంటారు.

ఆ కరపత్రం రాసింది నేనే. అందులో ఉన్నదిది. సీసం పరమాణువు నడిమధ్య కేంద్రకం ఉంటుంది. అందులో ప్రోటాన్లు ఎనభై రెండు, న్యూట్రాన్లు నూట ఇరవై ఆరు. న్యూట్రాన్లు మరీ ఎక్కువైపోయాయి కాబట్టి కొన్ని అంచుకి జరిగి, పాల మీద మీగడలా పైన పలచటి పొర కడతాయి. ఆ మీగడ ఎంత మందమో తెలిస్తే, ఆకాశంలో దాదాపు న్యూట్రాన్లతోనే నిండిన నక్షత్రాలు ఎంత లావుంటాయో కూడా అంచనా కట్టొచ్చట. చిక్కల్లా దాన్ని కొలవడంలోనే ఉంది. ప్రోటాన్లకి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఎలక్ట్రాన్లని విసిరితే పలుకుతాయి. న్యూట్రాన్లకి ఆవేశం లేదు, పక్కనుంచి ఎలక్ట్రాన్ వెళ్లినా తలెత్తి చూడవు. అందుకని ఎడమకి తిరిగే ఎలక్ట్రాన్లనీ కుడికి తిరిగే ఎలక్ట్రాన్లనీ మార్చి మార్చి కోట్లకి కోట్లు విసురుతారు. చెదిరి వచ్చిన వాటి లెక్కలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. న్యూట్రాన్ల జాడ ఆ తేడాలో దొరుకుతుంది.

ఆ తేడా పట్టుకోవడానికి డాక్టర్ వకుళ గారికి ఆరేళ్లు పట్టింది. అన్ని ఎలక్ట్రాన్లు తగిలితే సీసం రేకు కరిగిపోతుంది. వేడిని తొందరగా లాగేసే పదార్థం వజ్రం కాబట్టి, రేకుని రెండు వజ్రపు పలకల మధ్య పెట్టి ఎలక్ట్రాన్లతో కొట్టారు. వజ్రపు పలకలు ఆ కొలతల్లో ఒక్క కంపెనీయే చేస్తుంది కాబట్టి ఆ ఒక్క కంపెనీ దగ్గరే కొన్నారు.

ఆడిట్ వాళ్ల అభ్యంతరం ఇలా ఉంది: "ఒక మహిళా శాస్త్రవేత్త వజ్రములు కొనుగోలు చేసి, వాటి నడుమ సీసమును ఉంచి, కరెంటుతో కాల్చినట్లు రికార్డులలో చూపియున్నారు. అదియును ఒకే కొటేషన్‌పై."

ఈ వాక్యం చదివిన రోజు మా ఆర్థిక సలహాదారు పానకాలరావు గారు మధ్యాహ్నం భోజనం చేయలేదు. ఆయన పరమ నిజాయితీపరుడు. ఆఫీసు టీ తాగితే ఆఫీసుకి రుణపడతానని ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. ఎవరైనా లంచం తినేవాడైతే ఇచ్చి పని చేయించుకోవచ్చు, నిజాయితీపరుణ్ణి ఏం చేస్తాం? ఆ రాత్రి కూర్చుని ఆయన ఒక ఉత్తర్వు తయారుచేశారు.

"సంస్థ నిధులు వెచ్చించి సేకరించు సమస్త వస్తువులు, సేవలు మరియు ఫలితములు ఇకమీదట కనీసం మూడు కొటేషన్ల తులనాత్మక పరిశీలన అనంతరం, అత్యల్ప కొటేషన్ ప్రాతిపదికన మాత్రమే ఆమోదించబడును."

అందులో "ఫలితములు" అన్న మాట పొరపాటున పడిందనుకున్నాం. డైరెక్టర్ గారు కూడా అలాగే అనుకుని సంతకం పెట్టారు. పానకాలరావు గారి ఉత్తర్వులో ఏ మాటా పొరపాటున పడదని తర్వాత తెలిసింది.

వకుళ గారి ఫలితం తేలిన రోజు సంస్థంతా లడ్డూలు పంచుకున్నాం. మీగడ మందం సున్నా పాయింట్ రెండు ఏడు ఫెర్మీలు. మిల్లీమీటరుని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఫెర్మీ. దాంట్లో పావు వంతుకి కాస్త పైన అన్నమాట. నాకు ఆనందం పట్టలేక గేటుకి బ్యానర్ కట్టించాను, అంకె ఎర్రరంగులో వేయించి మరీ.

వ్యాసం పత్రికకి పంపాలంటే ఆర్థిక విభాగం "అభ్యంతరం లేదు" అని ముద్ర వేయాలి. బయటి దేశంలో ఇంకో బృందం ఇదే కొలతని కొలిక్కి తెస్తోందని అప్పటికే కబురొచ్చింది. ముందు ప్రకటించినవాళ్లది కొత్త కొలత అవుతుంది, వెనక ప్రకటించినవాళ్లది సరిచూసుకున్న కొలత అవుతుంది. ఆరేళ్ల పని ఆ రెండు మాటల మధ్య వేలాడుతోంది. వకుళ గారు ముద్ర కోసం వెళ్తూ, "మీరూ రండి కృపానిధి గారూ, నేను చెప్తే ఆయనకి కోపం వస్తోంది" అని నన్నూ తీసుకెళ్లారు.

పానకాలరావు గారు వ్యాసం పేజీలన్నీ తిప్పి, ఆఖరి పేజీ వెనక కూడా చూశారు.

"మిగతా రెండూ ఏవమ్మా?"

"ఏ రెండు సార్?"

"కొటేషన్లు. ఇది మీ ఒక్కరి అంకె కదా."

"ఇది కొటేషన్ కాదు సార్, కొలత."

"కొలతేనమ్మా, నేనేమన్నా కాదన్నానా? దానికి సంస్థ సొమ్ము ఖర్చయిందా లేదా?"

"అయింది."

"ఖర్చుపెట్టి తెచ్చుకున్నదాన్ని కొనుగోలు అంటాం. మీరు మందం కొన్నారు. ఒక్కచోటే అడిగి కొన్నారు. ఇదే మందం బయట ఇంకా తక్కువకి దొరికేది కదా అని రేపు ఆడిట్ వాళ్లంటే నన్నేం చెప్పమంటారు?"

"సీసంలో ఎంతుంటే అంతే సార్. తక్కువకి ఎక్కడా దొరకదు."

"వజ్రాలప్పుడూ ఇదే మాట అన్నారు."

వకుళ గారు నా వైపు చూశారు. నేను పైన తిరిగే ఫ్యాను వైపు చూశాను.

"ఇదేమిటి, అంకె పక్కన ప్లస్సూ మైనస్సూ రెండూ పెట్టారు?" అన్నారు పానకాలరావు గారు.

"అది అనిశ్చితి సార్. అసలు విలువ సున్నా పాయింట్ సున్నా ఏడు అటూ ఇటూ ఉండొచ్చని."

"అంటే అంత తగ్గినా మీకు అభ్యంతరం లేదన్నమాట."

"అలా కాదు సార్..."

"మీ సంతకం ఉంది కదమ్మా దీని మీద! తగ్గే వీలుండి కూడా తగ్గించకపోవడాన్ని మా భాషలో దుబారా అంటారు."

పరిస్థితి చేయి దాటుతోందని నేను జేబులోంచి కరపత్రం తీసి ఆయన ముందు పెట్టాను. అందులో మందం మిల్లీమీటర్లలో ఉంటుంది. సున్నా పాయింట్ తర్వాత పన్నెండు సున్నాలు, ఆ తర్వాత రెండు, ఏడు. ఇంత చిన్నదాన్ని కొలిచారు చూడండి అని ఆయన కళ్లు చెమర్చేలా చెబుదామని నా ఉద్దేశం. ఆయన సున్నాల మీద పెన్ను పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

"విలువలేని అంకెకి ఇంత సిరానా? ఒక్క సున్నా తగ్గించినా ఇన్ని వేల కరపత్రాల మీద ఎంత కలిసొచ్చేదో ఆలోచించారా?"

తగ్గిస్తానని చెప్పి బయటపడ్డాను. తగ్గించలేదు. ఆయన అది మర్చిపోనూ లేదు.

మర్నాడు నోటీసు బోర్డు మీద ప్రకటన వెలసింది. "సీసపు కేంద్రకము యొక్క న్యూట్రాన్ పొర మందము, సంఖ్య ఒకటి, సరఫరా నిమిత్తం సీల్డు కవర్లలో కొటేషన్లు ఆహ్వానించడమైనది. జీఎస్టీ నంబరు కలిగియుండి, ఇటువంటి సరఫరాలలో పూర్వానుభవము గలవారు అర్హులు. సున్నా కొటేషన్లు చెల్లవు."

అది చూసి మొట్టమొదట నా గదికి వచ్చింది అంజిలయ్య. సకలార్థ సప్లయర్స్ యజమాని. మా సంస్థకి ఫినాయిలు, కుర్చీలు, క్యాంటీన్ కందిపప్పు, ప్రయోగశాల గాజు సామాను, అన్నీ ఆయనవే.

"కృపానిధి సార్, గీ మందం అంటే ఏంది? ఫోమ్ పరుపా?"

"పరుపు కాదయ్యా. సీసం లోపల ఉండేది."

"సీసమా? గట్ల చెప్పున్రి మరి. బ్యాటరీలల్ల ఉంటది గదా, మనకు మస్తు తెల్సు."

నేను వద్దన్నా వినకుండా పానకాలరావు గారి గదికి నడిచాడు. ఏమవుతుందో చూద్దామని నేనూ వెనకే వెళ్లాను.

"సార్, ఏ లెక్కల రాయాలె? ఇంచులా, సూతులా, మిల్లీలా?"

"మీరు అంకె వేయండి చాలు. మిగతాది కమిటీ చూసుకుంటుంది."

"మేడం ఎంత ఏసింది సార్?"

"అది రహస్యం. చెప్పకూడదు" అన్నారు పానకాలరావు గారు కఠినంగా.

అంజిలయ్య బయటికొచ్చి, గేటు దగ్గర నేను కట్టించిన బ్యానర్ చదువుకుని వెళ్లిపోయాడు.

కవర్లు తెరిచే రోజున కమిటీ కూర్చుంది. పానకాలరావు గారు అధ్యక్షులు, స్టోర్స్ ఆఫీసరు సభ్యుడు, వకుళ గారు సాంకేతిక సభ్యురాలు. నేను ఫోటో తీయడానికి. మొదటి కవరు విదేశీ ప్రయోగశాలది. పాపం వాళ్లు చాలా మర్యాదగా, తమ పద్ధతిలో సున్నా పాయింట్ ఒకటి ఎనిమిది వస్తోందని, రెండు పద్ధతులకీ తేడా ఎందుకొస్తోందో కూర్చుని మాట్లాడుకుంటే బాగుంటుందని రాశారు. జీఎస్టీ నంబరు లేదని పక్కన పెట్టేశారు. తర్వాతది వకుళ గారిది. ఆ తర్వాత మూడు కవర్లు: సకలార్థ సప్లయర్స్ సున్నా పాయింట్ ఒకటి రెండు, అంజిలయ్య బావమరిది సున్నా పాయింట్ ఒకటి మూడు, అంజిలయ్య భార్య సున్నా పాయింట్ ఒకటి నాలుగు. మూడింటి మీదా ఒకే దస్తూరి, ఒకే నీలం పెన్ను, ఒకే చోట పప్పు మరక. ఎవరో ఔత్సాహికుడు సున్నా వేశాడు గానీ, సున్నా చెల్లదు కాబట్టి కొట్టేశారు.

"సకలార్థ వారు ఎల్-వన్" అని ప్రకటించారు పానకాలరావు గారు. అందరికన్నా తక్కువ వేసినవాణ్ణి ఆఫీసుల్లో ఎల్-వన్ అంటారు. ఎల్-వన్ దొరికాక బేరం ఆడాలన్నది కూడా రూలే. అంజిలయ్యని లోపలికి పిలిచారు.

"ఎంత తగ్గిస్తారు?"

"గిట్టుబాటు గాదు సార్. సీసం రేటు ఎట్లున్నదో మీకు ఎర్కలేదా?"

"సంస్థతో మీకు ఇవాళ్టి సంబంధమా?"

అంజిలయ్య చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. "సరే, మీ మొకం చూసి తొమ్మిదికి ఇస్త. రవాణా ఖర్సు నాదే."

"వారంటీ?"

"సంవత్సరం లోపట మందం పెరిగితే కొత్తది మార్చిస్త సార్."

"ఇది అబద్ధం సార్" అన్నారు వకుళ గారు. "సీసంలో తొమ్మిది లేదు. ఉన్నది ఇరవై ఏడు. నేను చూశాను."

మినిట్స్‌లో ఇలా రాశారు: "సాంకేతిక సభ్యురాలు నాణ్యతపై కొద్దిపాటి సందేహము వ్యక్తపరచిరి. సరఫరాదారు వారంటీ ఇచ్చినందున సదరు సందేహము నివృత్తి అయినది."

వారం తిరక్కుండా అంజిలయ్య ట్రాలీ ఆటోలో సరుకు తెచ్చాడు. చుట్టచుట్టిన సీసం రేకు, దాని మీద స్కెచ్ పెన్నుతో 0.09 అని రాసి ఉంది. స్టోర్స్ ఆఫీసరు దాన్ని తూకం వేయించి లోపల పెట్టించారు. ఇంక మిగిలింది వకుళ గారి సంతకం. "సరుకు అందినది, తృప్తికరము" అని ఆవిడ సంతకం పెడితే ముద్ర పడుతుంది, వ్యాసం కదులుతుంది. కాకపోతే వ్యాసంలో ఇరవై ఏడు బదులు తొమ్మిది ఉంటుంది, కింద ఆవిడ పేరుంటుంది.

ఆవిడ కాగితం రెండుసార్లు చదివి, పెన్ను మూత పెట్టేశారు.

"నా పేరు మీద ఈ అంకె వెళ్లదు సార్."

"అంకె సంస్థదమ్మా. మీది పేరు ఒక్కటే."

"ఆ ఒక్కటే కదా సార్ నాది. అందుకే ఇవ్వను."

పానకాలరావు గారికి కోపం రాలేదు. ఆయనకి జాలేసింది, అది ఇంకా ప్రమాదం. "మీరు వయసులో చిన్నవారు, ఆవేశపడుతున్నారు" అని, రూలు ప్రకారం వారం రోజుల గడువుతో మళ్లీ టెండరు పిలిపించారు. ఈసారి కూడా సరుకు తిరగ్గొడితే ప్రయోగం రద్దు, వజ్రపు పలకలు బహిరంగ వేలం. పాత నోటీసే తేదీ మార్చి అంటించారు.

ఆ సాయంత్రం వకుళ గారు నా గదికొచ్చి, పిల్లల కోసం ఉంచిన బిస్కెట్ పాకెట్ ఒకటి చింపి, తినకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నారు. నాకు చాలా బాధేసింది. ఇరవై ఏళ్లుగా నేను ఈ సంస్థ గొప్పతనం గురించి కరపత్రాలు రాస్తున్నాను, ఆ క్షణాన ఒక్క వాక్యం కూడా గుర్తురాలేదు.

"ఆరేళ్లండీ" అన్నారావిడ. "మా అమ్మాయి రోజూ అడుగుతుంది, సీసం అయిపోయిందా అమ్మా అని. హోంవర్కు అనుకుంటోంది పాపం. ఇవాళ పొద్దున ఆ బయటి దేశం వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. వచ్చే వారం వాళ్లు ప్రకటించేస్తున్నారట."

"డైరెక్టర్ గారితో మాట్లాడారా?"

"ఫైల్ పెట్టమన్నారు."

ఆవిడ ముందున్న చెత్తంతా సర్దడం మొదలుపెట్టాను. బిస్కెట్ పొడి పడుతుందని కరపత్రం ఒకటి ఆవిడ ముందు పరిచాను. ఆవిడ దాని వైపు ఊరికే చూస్తూ, ఉన్నట్టుండి ముందుకి వంగారు. సున్నాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లారు, అచ్చం పానకాలరావు గారిలాగే.

"దీన్ని మిల్లీమీటర్లలో ఎందుకు రాశారు?"

"పిల్లల స్కేలు మీద ఫెర్మీలు ఉండవు కదా మేడం."

"ఆ టెండరు నోటీసులో ఫెర్మీలని ఉందా?"

నోటీసు బోర్డు దగ్గరికి పరిగెత్తాం. రెండు పేజీలూ చదివాం. జీఎస్టీ ఉంది, పూర్వానుభవం ఉంది, కవరు రంగు ఉంది, ఏ కొలమానంలో చెప్పాలో మాత్రం లేదు. "మీరు అంకె వేయండి చాలు" అని అంజిలయ్యతో ఆయన అన్న మాట అప్పుడు గుర్తొచ్చి చెప్పాను. వకుళ గారు పడీపడీ నవ్వారు. నెల రోజుల తర్వాత ఆవిడ నవ్వడం అదే.

నా బల్ల మీదే కొటేషన్ రాశారు. నా కరపత్రం పక్కన పెట్టుకుని ఒక్కో సున్నా గుండ్రంగా దిద్దారు. సరిచూడమని నాకిచ్చారు.

"చివర్న ఒక సున్నా ఎక్కువ పడింది మేడం. ఏడు తర్వాత."

"పడలేదు, నేనే వేశాను. ఉండనివ్వండి."

రెండోసారి కవర్లు తెరిచిన రోజు గది నిండిపోయింది. క్యాంటీన్ వాళ్లు కూడా గుమ్మం దగ్గర నిలబడ్డారు. అంజిలయ్య ఈసారి తెగించాడు. సున్నా పాయింట్ సున్నా ఒకటి. బావమరిది సున్నా పాయింట్ సున్నా రెండు. మొదటి అంకె వినగానే పానకాలరావు గారి ముఖం వెలిగింది.

వకుళ గారి కవరు తెరిచారు.

"సున్నా పాయింట్ సున్నా... సున్నా... సున్నా..."

మధ్యలో ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఎక్కడున్నారో మర్చిపోయి మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు. "...సున్నా, సున్నా, రెండు, ఏడు, సున్నా. మి.మీ."

పట్టిక రాస్తున్న గుమస్తా తలెత్తాడు. "ఈ మి.మీ. ఎక్కడ వెయ్యను సార్?"

"గడి ఉందా?"

"లేద్సార్."

"గడి లేనిది రాయకూడదు. వదిలెయ్."

అంజిలయ్య కుర్చీలోంచి లేచాడు. "గన్ని సున్నలా! ఇగ మీకేం మిగుల్తది మేడం?"

"సర్దుకుంటామండీ."

"మీ అసొంటి సద్వుకున్నోళ్లు గిట్ల ఏస్తే బజార్ల మేమెట్ల బత్కాలె?" అని నిజంగానే బాధపడ్డాడు.

స్టోర్స్ ఆఫీసరుకి అనుమానం వచ్చింది. "సార్, ఇన్ని సున్నాలుంటే ఇది సున్నా కొటేషన్ కిందకే వస్తుందేమో. చెల్లదేమో."

పానకాలరావు గారు రూల్స్ పుస్తకం తెరిచి, ఆ పేజీ చదివి, మూసేశారు. "చివర్లో రెండు ఉంది, ఏడు ఉంది. రూల్సు ప్రకారం సున్నా కానిది ఏదీ సున్నా కాదు. వకుళ గారు ఎల్-వన్."

చప్పట్లు కొట్టబోయాను. ఆయన చెయ్యెత్తారు.

"బేరం ఉంది."

"ఇంతకన్నా తగ్గదు సార్" అన్నారు వకుళ గారు.

"బయటివాడు, ఆ అంజిలయ్యే తగ్గించాడు. మీరు సంస్థ మనిషి. పోనీ ఇన్ని సున్నాలున్నాయి కదా, ఒక్కటి తగ్గించండమ్మా!"

ఆయన ఎర్ర పెన్ను మూత తీసి, సున్నాల వరస మొదట్లో ఆనించారు. ముందున్న సున్నాల్లో ఒక్కటి పోయినా మందం పదింతలవుతుంది. అంత మీగడ ఏ సీసంలోనూ కట్టదు, ఆరేళ్ల పనీ ఒక గీతతో మట్టికొట్టుకుపోతుంది. కరపత్రం ఇచ్చి ఆయనకి సున్నాలు అలవాటు చేసింది నేనే కదా అని నన్ను నేను తిట్టుకున్నాను.

"ముందువి వద్దు సార్" అన్నారు వకుళ గారు తల వంచుకుని. "తియ్యాలంటే చివరిది తీసుకోండి. ఏడు తర్వాతది."

పెన్ను ఆగిపోయింది. "చివరిదా?"

"చివరిదే సార్."

పానకాలరావు గారు జీవితమంతా డబ్బు లెక్కలు చూసిన మనిషి. ఆ లెక్కల్లో ముందు సున్నా ఎన్ని వేసినా దండగ, చివరి సున్నా మాత్రం లక్షని పది లక్షలు చేస్తుంది. అలాంటి సున్నాని ఎవరూ ఎన్నడూ ఆయనకి వదిలిపెట్టలేదు.

"ఆలోచించుకున్నారా అమ్మా? తర్వాత బాధపడతారు."

"సంస్థ కోసం సార్."

ఆయన ఏడు పక్కనున్న సున్నాని అడ్డంగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, తేదీ వేశారు. తర్వాత ముద్ర తెప్పించి, సిరా సరిగ్గా అంటిందో లేదో చూసుకుని, వ్యాసం మీద గట్టిగా కొట్టారు. వ్యాసంలో ఇరవై ఏడే ఉంది, ఫెర్మీలలోనే ఉంది. ఒప్పుకున్నదీ అదే, రాసిందీ అదే. లోపలి పేజీలు తిప్పే అవసరం ఈసారి ఆయనకి కనిపించలేదు.

వ్యాసం ఆ సాయంత్రమే వెళ్లింది. బయటి దేశం వాళ్లకంటే రెండు రోజుల ముందు. మర్నాడు వకుళ గారి అమ్మాయి స్కూలు బస్సు దిగి సరాసరి నా గదికే వచ్చి, "బిస్కెట్ అంకుల్, మా అమ్మకి సీసం అయిపోయింది" అని చెప్పి రెండు పాకెట్లు పట్టుకెళ్లింది.

అంజిలయ్య సీసం రేకుని వెనక్కి తీసుకెళ్లనన్నాడు. అది ఇప్పుడు నా గది తలుపు కొట్టుకోకుండా ఆనించి ఉంది. వచ్చినప్పుడల్లా వంగి చూసి, మందం ఏమీ పెరగలేదు కదా అని అడిగి వెళ్తాడు. వార్షిక నివేదికలో "ఫలితముల సేకరణలో బేరం ద్వారా పది రెట్ల ఆదా" అని పానకాలరావు గారి పేరు ప్రత్యేకంగా వేశారు. ఆయనకి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఆ ఫోటో తీసింది నేనే.

నాకు మాత్రం మనసులో ఒకటి మిగిలిపోయింది. ఒకరోజు క్యాంటీన్‌లో వకుళ గారిని అడిగేశాను.

"ఆ చివరి సున్నా విషయంలో ఆయన్ని మోసం చేసినట్టు కాలేదా మేడం? విలువ లేనిదాన్ని ఇచ్చి, పాపం అంత సంతోషపెట్టారు."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టారు.

"దానికి విలువ లేదని ఎవరన్నారు? ఏడు తర్వాత సున్నా రాశానంటే, మూడో అంకె కూడా నాకు తెలుసు, అది సున్నాయే అని చెప్పినట్టు. నాకు రెండో అంకే అటూ ఇటూ ఊగుతోంది, మూడోది ఏం తెలుసు? ఆ కాగితం మొత్తమ్మీద నేను రాసిన అబద్ధం అదొక్కటే కృపానిధి గారూ. సరిగ్గా దాన్నే కొట్టేశారాయన."

కిటికీలోంచి పానకాలరావు గారు ఫ్లాస్కు పట్టుకుని నడిచి వెళ్తూ కనిపించారు, ప్రశంసాపత్రం వచ్చినప్పటి నుంచి కాస్త నిటారుగా నడుస్తున్నారు.

"ఆరేళ్లలో ఆర్థిక విభాగం మా ప్రయోగానికి చేసిన సాయం అదే" అన్నారు వకుళ గారు.

ఆ సాయం మాత్రం ఆయన మూడు కొటేషన్లు అడక్కుండానే చేశారు.